పాటలపెట్టె కార్డు మీది పాప

పుస్తకాలు కుట్టే ఆమెను వీధిలో అందరూ బైండరమ్మ అనే పిలిచేవారు. అరవై మూడేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఆఫీసు రిజిస్టర్లూ, బడిపిల్లల పుస్తకాలూ, అట్టలూడిన నిఘంటువులూ కుడుతూనే ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మా ఇంట్లో ఒక కాపురం చూశాగా, చాలు" అని నవ్వేది. ఆ నవ్వు చూసినవాళ్లు రెండోసారి అడిగేవారు కాదు.

వాళ్ల నాన్న అచ్చాఫీసులో రాతి మీద బొమ్మలు గీసేవాడు. నున్నటి రాతిపలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మను కుడిఎడమలు తిప్పి గీస్తే, దాని మీంచి వేల కాగితాలు అచ్చయ్యేవి. ఒకసారి పాటలపెట్టెలు చేసే కంపెనీవాళ్లు ప్రకటన కార్డులు వేయమన్నారు. పిడి తిప్పితే చాలు, లోపల ఇత్తడి గొట్టం తిరిగి, దాని మీది ముళ్లు ఉక్కు పళ్లను మీటి పాట పలికించే పెట్టె అది. చంటిపిల్ల కూడా వాయించగలదని చూడగానే తెలియాలన్నారు. నాన్న ఎనిమిదేళ్ల పెద్దకూతుర్ని వెంటబెట్టుకెళ్లాడు. ఎముకలు కొరికే చలి. రాళ్లు కడిగిన నీళ్లతో ఆ గది ఎప్పుడూ తడితడిగా ఉండేది. పల్చటి గౌనులో పిల్ల నాలుగు రోజులు కదలకుండా నిలబడింది. "ఇంకొంచెం సేపమ్మా, చెయ్యి అయిపోవచ్చింది" అంటూ ఆయన గీశాడు. ఐదో రోజుకు జ్వరం. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నాడు డాక్టరు. మంచం మీదే ఆరు వారాలు తీసుకుని పిల్ల పోయింది. అప్పటికే కార్డులు కొట్లన్నిటికీ చేరాయి.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న చొక్కా తొడుక్కుని పనికెళ్లాడు. ఇంట్లో మిగిలిన కార్డులన్నీ అమ్మ పొయ్యిలో వేసింది. మర్నాటి నుంచి ఆయన పోయేదాకా, పదకొండేళ్లు, ఆయనతో మాట్లాడలేదు. "భోజనం పెట్టాను, మీ నాన్నను తినమను" అంటూ అన్నీ చిన్నకూతురి నోటే చెప్పించేది. చిన్నదానికి అప్పుడు ఐదేళ్లు. "కూతుర్ని పూడ్చిన మర్నాడే పనిలోకి పోయిన మనిషి" అన్న మాట వింటూ పెరిగింది. తనూ ఆయనతో అంటీముట్టనట్టే ఉండేది. ఆయన చివరి జబ్బులో మంచం పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుకుంది గానీ చెయ్యి పట్టుకోలేదు.

ఇదంతా జరిగిపోయిన చాలా కాలానికి, పాత సామాన్లు అమ్మే వ్యాపారి ఒకాయన ఆమె దగ్గరకు వీపు విరిగిన ఆల్బం ఒకటి తెచ్చాడు. ఎవరో పెద్దాయన సేకరించినదట. నిండా పాటలపెట్టెలవీ, చేతితో తిప్పే వాద్యాలవీ ప్రకటన కార్డులే. దారాలు విప్పి పేజీలు వేరు చేస్తుంటే మధ్యలో ఒక కార్డు మీద అక్క కనిపించింది. ఆ ఇంట్లో ఫొటో అన్నది లేదు. అక్క మొహం ఎలా ఉండేదో ఆమె ఎన్నడో మరిచిపోయింది. చూడగానే గుర్తొచ్చింది. 

పక్క పేజీలో అదే కార్డు మరొకటి ఉంది. అదే గౌను, అదే పెట్టె, పిడి మీద అదే చెయ్యి. మొహం మాత్రం లేదు. పాప తల గోడ వైపు తిరిగి ఉంది, వెనక జడలే కనిపిస్తున్నాయి.

వ్యాపారి వచ్చినప్పుడు అడిగింది.

"అది రెండో విడత అచ్చండీ" అన్నాడాయన. "రాయి మీద మొహం గీకేసి జడలు గీశారు. గీసినాయనకి మొహాలు చేతకాలేదేమో."

"చేతకాక కాదు" అంది బైండరమ్మ. "ఆ మొదటిది నాకిప్పించగలరా?"

"ఆ పెద్దాయన ఒక్క కార్డు కూడా విడదీయడు. అడిగి చూస్తాను."

అడిగాడు. పెద్దాయన ఇవ్వనన్నాడు.

అమ్మకు అప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. చూపు తగ్గింది గానీ బుర్ర పాదరసమే. ఆల్బం ఇంకా తన దగ్గరే ఉంది కాబట్టి, ఆ సాయంత్రం బైండరమ్మ కార్డులు రెండూ తీసుకెళ్లి అమ్మ మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, పూడ్చి వచ్చిన మర్నాడు నాన్న పనికెళ్లింది అక్క మొహం చెరపడానికే అనుకుంటా."

"తెలుసు" అంది అమ్మ.

"ఎలా తెలుసు?"

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. ఇంకో పదివేలు వెయ్యమన్నారట. చచ్చిపోయిన పిల్ల మొహం కొట్లలో వేలాడుతుంటే చూడలేను, గీకేశాను అన్నాడు. నాకున్నది ఆ ఒక్క మొహం, దాన్నీ లేకుండా చేశావు అన్నాను. అదే ఆయనతో ఆఖరి మాట."

"నువ్వు మాత్రం కార్డులు పొయ్యిలో వెయ్యలేదూ?"

అమ్మ దుప్పటి మీదికి లాక్కుంది.

"ఇన్నేళ్లలో నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆయన పక్షాన చేరేదానివి. అప్పుడు నాకెవరుండేవాళ్లు?"

మొహం ఉన్న కార్డు చూపించమని అమ్మ చెయ్యి చాచింది. కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసింది. ఏమీ కనబడటం లేదని వెనక్కి ఇచ్చేసింది.

బైండరమ్మ ఆ ఆల్బం పని ఎప్పటిలాగే శ్రద్ధగా ముగించి అప్పగించేసింది. అమ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. కూతురు వేళకు తినిపించేది, ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది. అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు.

"నాతో మాట్లాడవేమే?" అని ఒక మధ్యాహ్నం అమ్మ అడిగింది.

"ఏం మాట్లాడమంటావు, చెప్పు" అంది కూతురు దుప్పటి సర్దుతూ.

అమ్మ ఆలోచించింది. చెప్పడానికి ఏమీ దొరకలేదు.