మూడో డిస్కు ఎక్కుతుండగా

నాకు ఏదీ చెరిపేసే అలవాటు లేదు. వీడియోలు తీసేవాళ్లలో చాలామంది పనిచ్చినవాళ్లకు కాపీ చేతికివ్వగానే కెమెరాలో తీసినదంతా తుడిచేస్తారు. నేను ఉంచుతాను. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, శ్రీమంతాలు, ఎవరూ ఎప్పటికీ అడగని బొమ్మంతా నా స్టూడియో మూలలో ఉన్న సర్వర్‌లో పడి ఉంటుంది. మా ఆవిడ దాన్ని గాదె అంటుంది. గింజ బయటికి రాని గాదె అని కూడా అంటుంది.

ఆ గాదె నిండిపోయింది. పెళ్లిళ్ల సీజన్ ముందుంది. అందులోని నాలుగు హార్డ్ డిస్కులూ తీసేసి పెద్దవి వెయ్యాలనుకున్నాను. అన్నీ ఒక్కసారే మార్చడానికి వీల్లేదు. ఒకటి లాగేసి కొత్తది పెడితే, మిగిలిన మూడూ కలిసి, పోయినదాంట్లో ఏముండేదో లెక్కగట్టి కొత్తదాని మీద మళ్లీ రాస్తాయి. అది పూర్తయ్యాకే ఇంకొకటి తియ్యాలి. ఒక్కోదానికి ఒక పగలు పడుతుంది. రాస్తున్నంతసేపూ ఇంకొక్క డిస్కు మొండికేసిందా, నాలుగింటిలో ఉన్నదంతా గోవిందా. రెండో కాపీ పెట్టుకునే స్తోమత నాకు లేదు.

మా ఇల్లు నల్లమాడ దాటాక రోడ్డు పక్కన. ముందు గది స్టూడియో, వెనక చీనీ తోట, అదే బత్తాయి. ఇంటికీ, తోటలోని బోరు మోటారుకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. మోటారు ఎత్తుకుందంటే ఇంట్లో లైట్లు గుడ్డిదీపాలవుతాయి. యూపీఎస్ ఉంది గానీ ఎండలకు దాని బ్యాటరీ నీరసించిపోయింది. అందుకని డిస్కులు మార్చే రోజుల్లో మోటారుకు ఆటో స్విచ్చి ఆపేశాను. మా సీమలో ఆ పని ఎవరూ చెయ్యరు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరగాలని ప్రతి రైతూ స్టార్టర్ డబ్బాలో ఆటో వేసే ఉంచుతాడు. చెట్లు వాడుముఖం పట్టినా పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. రెండు డిస్కులు బాగానే ఎక్కాయి.

మూడోది పెట్టిన రోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. గోరంట్ల వైపు పల్లె. వాళ్ల బావ ఇంటి గృహప్రవేశం వీడియో తీసింది నేనేనని గుర్తు చేసింది. ఆ రోజు బంధువులందరి ముందు ఆయన, తన పొలంలోని బోరులో సగం నీళ్లు తమ్ముడివేనని నోరారా చెప్పాడట. ఆ తమ్ముడే ఈమె భర్త. భర్త పోయాక బావ నీళ్ల వంతు ఆపేశాడు. అట్లా అన్న గుర్తే లేదంటున్నాడు. మర్నాడు పొద్దున పెద్దమనుషులు కూర్చుంటున్నారు. నీళ్లు రాకపోతే ఆమెకున్న చీనీ తోట ఈ ఎండాకాలం దాటదు. చెట్లు పోతే ఆమెకు వేరే ఆధారం లేదు.

బావ ఇంట్లో ఉన్న వీడియోలో ఆ మాటలు వినిపించవు. అక్కడ నేను సినిమా పాట వేశాను. పాట కింద పోయిన మాటలు నా సర్వర్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

"ఆ మాట మీ దగ్గర ఉండాదా అన్నా?" అని అడిగింది.

ఉంది, సాయంత్రం దాకా ఆగాలి అన్నాను. డిస్కు రాసుకుంటుండగా మిగిలిన ఒక్క పాతదాన్ని ఇంకో పనికి కదిలిస్తే ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందోనని నా భయం. ఆమె సరేనంది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, వెనక మోటారు షెడ్డు నీడలో కూర్చుంటానని పోయింది.

నేను తెర ముందు నుంచి లేవలేదు. నా కెమెరాలు, నా గాదె, నా మొండితనం ఒకెత్తు, ఆమె తోట ఇంకొకెత్తు. ఊరికే గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. సగం దాటింది. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఉన్నట్టుండి ఫ్యాను నెమ్మదించింది. లైటు ఎర్రబారింది. యూపీఎస్ రెండు మూడుసార్లు కూత పెట్టి గొంతు మూసుకుంది. సర్వర్ రొద ఆగిపోయి గది నిశ్శబ్దమైంది. 

వెనక్కి పరిగెత్తాను. మోటారు తిరుగుతోంది. డ్రిప్పు పైపు ఊడిన చోట ఆమె మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని బిగిస్తూ కనిపించింది. మోటారు ఎవరు వేశారని అరిచాను. ఆ అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నేనే అన్నా. కరెంటు వచ్చిండాది, ఆటో ఆపిండాది. మర్సిపోయినారేమో అనుకుంటి. చెట్లు ఎండిపోతాంటే చూస్తా యెట్ల కూర్సుంటా?"

కోపంతో నా నోటికి అడ్డం లేకుండా పోయింది. నీ బావ మాట కూడా ఆ పెట్టెలోనే ఉంది, ఇప్పుడది ఉందో ఊడిందో దేవుడికే ఎరుక అన్నాను.  ఆమె లేచి మోటారు ఆపేసింది. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని అప్పుడే అనిపించింది, కానీ అనేశాను.

సర్వర్ మళ్లీ వేశాను. లోపల రెండు కొత్తవి నిండుగా ఉన్నాయి, మూడోది సగంలో ఆగింది. ఒక్కటే పాత డిస్కు మిగిలి ఉంది. దాని దీపమే వెలగలేదు. ఆపి, దాన్ని లాగి, దుమ్ము ఊది, పెట్టి చూశాను. వెలగలేదు. అది పెనంలా కాలుతోంది. బయటికి తీసి బల్ల మీద చల్లారబెట్టాను. చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే కాళ్లకు బురదుందని రాలేదు.  బల్ల మీదున్న ఆ ఇనుపముక్కనే చూస్తూ ఉంది. నేనూ దాన్నే చూస్తున్నాను. ఆమె ఎదురుగా నిలబడాలంటే నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది.

అది చల్లబడ్డాక పెట్టి మళ్లీ వేశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దీపం వెలిగింది. తెర మీద నాలుగు డిస్కులూ కనిపించాయి. ఆగిన చోటి నుంచే రాత మొదలైంది. పూర్తయ్యేదాకా ఆగాలన్న పంతం వదిలేశాను. ఏమైతే అదయిందని ముందు ఆ గృహప్రవేశం బొమ్మ వెతికి లాప్‌టాప్‌లోకి లాగేశాను.  మిగతా రాత సాయంత్రానికి పూర్తయింది, ఏదీ పోలేదు.

అప్పటికి ఆమె కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. వేసి చూపించాను. పట్టుపంచెలో ఉన్న బావ, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి చెబుతున్నాడు, "బోరు నా పొలంలో ఉంటే ఏమప్పా? సగం నీళ్లు నా తమ్మునివి. నేను ఉన్యా లేకున్యా అంతే." పక్కన తమ్ముడు సిగ్గుపడుతూ తల దించుకున్నాడు. ఇంకొక్కసారి వెయ్యమంది. రెండోసారి ఆమె బావ వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున లాప్‌టాప్ తీసుకుని నేనే వాళ్ల ఊరికి పోయాను. పాలకేంద్రం వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. బావ కాస్త ఎడంగా కూర్చున్నాడు. వీడియో వేశాను. బొమ్మలో తమ్ముడు కనబడగానే ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అయిపోయాక ఆయనే నోరు విప్పాడు.

"అన్నింది నేనే. ఆ పొద్దు బోరు రెండించులు పోస్తాండె. ఈ పొద్దు ఒక ఇంచు గూడా లేదు. గంటసేపు పోసి గాలి తంతాది. నా చెట్లకే సాలడం లేదు. దాంట్లో సగం తీస్కోని ఏం జేస్తావమ్మా?"

అందరూ ఆమె వైపు తిరిగారు.  ఆ లెక్క నాకు తట్టనే లేదు.

"అరగంట పెట్టుకుంటా బావా," అంది.