అమ్మ చూసిన పెనాల్టీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా, తెనాలిలో మా కాలేజీకి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఏర్పడింది. కావాలని ఎవరూ అడగలేదు. మాకు ఆటలు నేర్పే పీడీ మేడం పట్టుబట్టారు, అంతే. ఫుట్‌బాల్ ఆడిన ఆడపిల్ల కాలేజీ మొత్తంలో ఒక్కతీ లేదు. అందుకని సగంమందిని కబడ్డీ నుంచి, సగంమందిని త్రోబాల్ నుంచి లాక్కొచ్చారు. నేను త్రోబాల్ ఆడేదాన్ని. పొడుగ్గా ఉంటాను, బంతి చేతికి చిక్కితే వదలను. "నువ్వు గోల్‌లో నిలబడమ్మా" అన్నారు మేడం. పరిగెత్తే బాధ తప్పిందని సంబరపడ్డాను. అదెంత తెలివితక్కువ సంబరమో మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది.

త్రోబాల్‌లో గీత బయట పడబోయే బంతిని ముట్టుకోకూడదు, వదిలేస్తేనే మనకు లాభం. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటది. మొదటి మ్యాచ్ మా ఊరు రేపల్లెలోనే జరిగింది. బంతి ఓ మూలకు దూసుకొస్తుంటే, బయటికే పోతుందని లెక్కేసి దర్జాగా పక్కకు తప్పుకున్నాను. పైగా 'అవుట్' అని చెయ్యెత్తి అరిచాను కూడా. అది కాస్తా స్తంభం లోపలి అంచుకు తగిలి వలలో పడింది. ఊరంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఆ మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయాం.

మా అమ్మ రేపల్లెలోనే టీచరు. మర్నాడు ఆవిడ బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలో ఎవడో చెయ్యెత్తి "అవుట్!" అన్నాడట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అందుకుంది.

"ఏంటే నీ భాగోతం? నా పరువు బజార్న పడేశావు. ఈసారి గెలవకపోతే ఇక ఆ బంతి మొహం చూడనివ్వను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆడిందే ఒక్క మ్యాచ్, అదీ నవ్వులపాలైన మ్యాచ్. అయినా ఆ రెండు స్తంభాల మధ్య చోటు నాదేనని అప్పటికే నాకు నమ్మకం కుదిరింది. ఎందుకు కుదిరిందంటే ఇప్పటికీ చెప్పలేను. ఊరు నవ్వినందుకు కాదు గానీ, ఆట మానెయ్యాలంటే ఏడుపొచ్చింది.

ఆ అలవాటు వదిలించడానికి మేడం ఒకే పద్ధతి పెట్టారు. గోల్‌కు ఆమడ దూరంలో పోయే బంతినైనా సరే నేను వెళ్లి ముట్టుకుని రావాల్సిందే. క్లాసులయ్యాక రేపల్లె రైలు వేళయ్యేదాకా అదే పని. మోచేతులు, మోకాళ్లు గీరుకుపోయేవి. ఆ దెబ్బలు చూసుకుని నేను లోలోపల గర్వపడేదాన్ని.

రెండో మ్యాచ్ బాపట్లలో. ఓడిపోయి అబద్ధం చెబుతాననుకుందో ఏమో, అమ్మ గొడుగేసుకుని స్వయంగా వచ్చింది. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఇక అయిపోవచ్చిందనగా అవతలి జట్టు అమ్మాయి ఒకతె అందరినీ దాటుకుని నా మీదికి వచ్చేసింది. నా ముందు మిగిలింది మా జట్టులోని అమృతలూరు అమ్మాయి ఒక్కతే. కబడ్డీలో ఆమె పట్టు పడితే ఎవరూ తప్పించుకోలేరు. ఇక్కడా అదే చేసింది. ఒక్క దూకు దూకి, రెండు చేతులతో ఆ పిల్ల చీలమండ పట్టుకుని లాగింది. అది చూసి మా కబడ్డీ పిల్లలు ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి నడుం పట్టేశారు. రిఫరీ నోరెళ్లబెట్టి, ఆ తర్వాత విజిల్ ఊదాడు. అమృతలూరు అమ్మాయిని బయటికి పంపి, వాళ్లకు పెనాల్టీ ఇచ్చాడు.

పెనాల్టీకి ఎటు దూకాలో మేడం నాకు నేర్పలేదు. అంతదాకా వస్తుందని ఆమె అనుకోలేదు మరి. నాకు భయం వేయలేదు, ఆ అమృతలూరు పిల్ల మీద పీకలదాకా కోపంగా ఉంది. ఆ కోపంలోనే కుడివైపు పడ్డాను. బంతి వేళ్లకు తగిలి ముందుకు వెళ్లింది. పెనాల్టీ కొట్టిన అమ్మాయి మళ్లీ తన్నింది. ఈసారి సరిగ్గా నా మూతి మీద తగిలింది. కళ్లు బైర్లు కమ్ముతున్నా బంతిని కడుపు కింద వేసుకుని పడుకుండిపోయాను. విజిల్ మోగింది. గెలిచాం!

అమృతలూరు అమ్మాయి ఏడుస్తూ వచ్చి నన్ను ఎత్తేసుకుంది.

"నిన్ను చంపేస్తానే!" అన్నాను నెత్తురు ఉమ్మేస్తూ.

"చంపుదువుగానిలేవే, గెలిచాంగా!" అని గిరగిరా తిప్పేసింది.

అమ్మ వచ్చి, కొంగు తడిపి నా మూతి తుడిచింది. రేపల్లె బండి అందుకోవడానికి తెనాలి రైలెక్కాక ఎదుటి సీటులో ఒక పెద్దావిడ నన్ను చూసి జాలిపడింది.

"ఏంటమ్మా, పిల్లకి మూతి అలా వాచిపోయింది? ఎక్కడన్నా పడిందా?"

"లేదండి, పెనాల్టీ ఆపింది" అంది అమ్మ, వెన్ను నిటారుగా పెట్టి.

పెనాల్టీ అంటే ఏంటో ఆవిడకు తెలీదు. ఆ మధ్యాహ్నం దాకా అమ్మకూ తెలీదు. అయినా తెనాలి వచ్చేదాకా పాఠం చెప్పినట్టు చెబుతూనే ఉంది. రైలు దిగుతూ నా సంచీ తను తీసుకుని, "మళ్లీ మ్యాచ్ ఎప్పుడే?" అంది.