జీతాన్ని బట్టి టీ

ఆ పెయింట్ల కంపెనీ హెడ్ క్లర్కుకి ఒకటే జబ్బు. మనిషి కనపడితే చాలు, "జీతమెంత?" అని అడుగుతాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాత. నాడి చూడబోయిన డాక్టరునీ వదల్లేదు. అందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి 'జీతమెంతగారు' అని ఖాయం చేశారు.

కొత్త మేనేజరుకి ఆ సెగ మొదటి రోజే తగిలింది. టీ వచ్చింది, వెనకే టీ డబ్బులు వసూలు చేసే హెడ్ క్లర్కు వచ్చాడు.

"జీతం విన్నానండీ. నలభై రూపాయలు ఇప్పించండి."

"ఒక్క టీకా? ఇందులో ముత్యాలు కరిగించారా?"

"తమరి జీతం కరిగించామండీ. గుమాస్తాలకి పది, స్వీపరమ్మకి ఒకటి."

"ఆవిడ తాగేదీ ఈ టీయేనా?"

"ఇదేనండీ. ఆవిడ గ్లాసులో నురగ కాస్త ఎక్కువ."

మేనేజరు పళ్లు నూరుకుంటూ ఇచ్చాడు. మర్నాడు ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. ఫ్లాస్కు పెట్టిన బల్లకి అద్దె నలభై అన్నాడు మహానుభావుడు!

ఇక ఒళ్లు మండి, మేనేజరు గోడ మీది నోటీసు చూపించాడు. ప్రభుత్వ ఆరోగ్య బీమా: ఎవరికైనా నెలకి మూడు వందలే.

"చూసి నేర్చుకోవయ్యా. నాకూ అంతే, స్వీపరమ్మకీ అంతే. సమానత్వమంటే అదీ!"

"ఎంత న్యాయమండీ! తమరికి ఒక పూట హోటలు ఖర్చు, ఆవిడకి మూడు రోజుల కూలి. సరిసమానం!"

"కట్టలేకపోతే మానేస్తుంది."

"అవునండీ. అప్పుడు జబ్బులు కూడా మర్యాదగా రావడం మానేస్తాయి."

ఆ వెటకారానికి మేనేజరు అప్పటికప్పుడు ఆర్డరు రాశాడు: ఒకటో తారీఖు నుంచి టీ అందరికీ ఒకటే ధర. సంతకం పెట్టబోతుంటే వరండాలో బకెట్టు దొర్లిన చప్పుడు. స్వీపరమ్మ కడుపు పట్టుకుని కూలబడింది.

మేనేజరే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెంటనే ఆపరేషనన్నారు. ఈవిడకి బీమా ఎక్కడిదనుకుంటూ ఆయన కౌంటరు దగ్గరికి పరుగెత్తాడు.

కౌంటరులో అమ్మాయి స్వీపరమ్మ ఇచ్చిన బీమా కార్డు చూసింది. "చెల్లుతుందండీ. నాలుగేళ్లలో ఒక్క నెల తప్పలేదు."

"ఎవరు కట్టారమ్మా?" స్ట్రెచరు మీదున్న స్వీపరమ్మని అడిగాడు.

"జీతమెంతగారేనండీ, టీ డబ్బుల్లోంచి. మాలాంటి చిన్న జీతగాళ్లు ఏడుగురికీ కడతారు. అయ్యగార్లకి చెప్పొద్దన్నారు, టీ మానేస్తారని."

ఆపరేషను బాగా జరిగింది. మేనేజరు ఆఫీసుకొచ్చి ఆర్డరు చింపేశాడు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. టీ తెప్పించాడు. హెడ్ క్లర్కు వచ్చి చెయ్యి చాపాడు.

"ఏమయ్యా, ఇవాళ జీతమెంత అని అడగవేం? ఈ నెల పెరిగింది."

"అయితే నలభై రెండండీ."

"ఇంకో గ్లాసు కూడా చెప్పు" అన్నాడు మేనేజరు, జేబులో చెయ్యి పెడుతూ.