రెండున్నర స్టార్లు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా పత్రిక వారానికోసారి కంప్యూటర్ పేజీ వేయడం మొదలుపెట్టింది. ఆ పేజీలో ఒక మూల వీడియో ఆటల సమీక్ష, దాని కింద అయిదు స్టార్ల పెట్టె. విజయవాడ డెస్కులో ఆ పని నాకు అప్పగించారు. కారణం ఫీచర్స్ ఇన్‌చార్జి దాచలేదు. "మీకు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు కదండీ. కూర్చుని ఆడుకోవచ్చు" అన్నారు.

ఆయన అన్నది నిజమే. భవానీపురంలో ఒక్క గదిలో ఉండేవాణ్ని. డ్యూటీ సాయంత్రం అయిదుకు మొదలై, జిల్లా పేజీలు అచ్చుకు వెళ్ళిపోయాక ముగిసేది. ఊరు పనికి బయల్దేరేటప్పుడు నేను నిద్రలో ఉండేవాణ్ని. ఊరు ఇంటికొచ్చేటప్పుడు ఆఫీసులో ఉండేవాణ్ని. హోటల్లో "ఇంకేం కావాలండీ" అనే సర్వరు తప్ప, పగటిపూట నాతో మాట్లాడేవాళ్ళు లేని రోజులు చాలానే ఉన్నాయి.

పదకొండింటికి వీధి చివర నెట్ సెంటరుకు వెళ్ళేవాణ్ని. ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన ఎనిమిది కంప్యూటర్లు. ఆ వేళకు అన్నీ ఖాళీయే. యజమాని అంతకుముందు వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాడు. పత్రిక ఏది బాగుందంటే అది ముందు పెట్టే అలవాటు అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు. నా సమీక్ష కత్తిరించి అద్దం తలుపుకు అంటించేవాడు. మూడు స్టార్లు వచ్చిన ఆట కంప్యూటర్లలో ఉండేది. రానిది పోయేది.

ఒంటరిగా ఆడే ఆటలతో నాకు ఇబ్బంది ఉండేది కాదు. ఆడేవాణ్ని, నోట్సు రాసుకునేవాణ్ని, సినిమాలకు వేసినట్టే స్టార్లు వేసేవాణ్ని. ఆ తర్వాత ఒక ఆన్‌లైన్ ఆట వచ్చింది. పాతకాలపు ఊరు, చుట్టూ అడవి, దేశంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఒకేసారి ఆ ఊళ్ళో తిరగొచ్చని చెప్పారు. నాలుగు రోజులు వరసగా ఆడాను. సంతలో అంగళ్ళున్నాయి, అమ్మేవాళ్ళు లేరు. వంతెన మీద నిలబడి "ఎవరైనా ఉన్నారా" అని టైపు చేశాను. జవాబు లేదు. 'ఊరు కట్టారు, మనుషుల్ని మరిచారు' అని రాసి ఒకటిన్నర స్టార్లు వేశాను. ఆ వాక్యం నాకు నచ్చింది కూడా.

అది అచ్చయిన వారంలోనే యజమాని, "సార్, మీకు సెలవెప్పుడు? ఒకాయన మీకోసం రెండ్రోజుల నుంచి వాకబు చేస్తున్నాడు" అన్నాడు. నా వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. ఆ సెంటరును సాయంత్రం పూట చూడటం అదే మొదలు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు.

నలభై దాటిన మనిషి లేచి వచ్చాడు. చేతులకు ఎంత కడిగినా పోని నలుపు. పాత బిల్లు పుస్తకం తిరగేసి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టాడు.

"చెవులు పనిచెయ్యవండీ. ఆటోనగర్లో ఇరవై ఏళ్ళు లారీ బాడీలు సుత్తితో కొట్టాను. మీరు రాయండి, నేను చదువుకుంటా" అని పెద్ద గొంతుతో అన్నాడు. "మా ఊళ్ళో మనుషుల్లేరని రాసింది మీరేనా? మేవంతా చచ్చామా?"

పక్క కుర్చీలోంచి ఎవరో నవ్వారు. "సార్‌ని కొట్టేట్టున్నాడురా బాబూ."

"ఎన్నింటికి ఆడారు?" అని అడిగాడాయన.

పదకొండింటికి అని రాశాను.

"పొద్దున పదకొండా!" ఆయన తల పట్టుకున్నాడు. "ఆ టైముకి ఎవడుంటాడండీ, పనులు మానుకుని? మిట్టమధ్యాహ్నం రైతుబజారుకెళ్ళి, కూరగాయలే లేవని పేపర్లో వేస్తారా?"

సినిమాను ఖాళీ హాల్లో చూసినా అదే సినిమా. ఇది అలాంటిది కాదన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆటలోకి వెళ్ళాడు. అదే వంతెన, ఇప్పుడు కాలు పెట్టడానికి చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వరసగా పైకి పాకుతున్నాయి. 'ఏం మేస్త్రీ, లేటయ్యావ్' అని ఆయన్ని పలకరించాడు ఒకడు. అతను బందరులో చేపలకు ఐసు వేసి పంపే వ్యాపారి అట. గుడివాడ టీచరు ఒకావిడ తన కత్తికి ఎక్కువ బేరం చెబుతోందని ఇంకొకరు తిడుతున్నారు. మేస్త్రీ రెండు వేళ్ళతో టకటకా జవాబులిస్తున్నాడు, పడీపడీ నవ్వుతున్నాడు.

కాసేపటికి నా వైపు తిరిగాడు. "షాపులో అందరూ నవ్వుతారండీ. ఎందుకని అడిగితే, ఏం లేదులే అంటారు. ఇక్కడ ఎవడేమన్నాడో అక్షరాల్లో కనపడుద్ది." తర్వాత గొంతు తగ్గించాననుకుని అదే గొంతుతో అన్నాడు. "ఒకటిన్నరే వచ్చిందని ఈ సెంటరాయన దీన్ని తీసేస్తానంటున్నాడు. ఇంట్లో కంప్యూటరు లేదు. మీరు చూడాలి."

మర్నాడు ఇన్‌చార్జిని సవరణ వేద్దామని అడిగాను. "పేరు తప్పుపడితే సవరణ. స్టార్లకి సవరణేంటండీ? రేపు సినిమావాళ్ళు క్యూ కడతారు" అన్నారు. కావాలంటే మళ్ళీ ఆడి, కొత్త సమీక్ష రాయమన్నారు.

అది వచ్చేదాకా ఆట తీయనని సెంటరు యజమాని ఒప్పుకున్నాడు. వరసగా ఎనిమిది మంగళవారాలు ఆ ఆటకే ఇచ్చాను. మేస్త్రీ తన పక్క కుర్చీ నాకోసం పట్టి ఉంచేవాడు. వంతెన దగ్గర 'పేపరాయన వచ్చాడు, పద్ధతిగా మాట్లాడండి' అని హెచ్చరించేవాడు. అంతమంది నన్ను పలకరించిన సాయంత్రాలు విజయవాడలో నాకు అవే.

నోట్సు మాత్రం నోట్సులా రాసుకున్నాను. ఆట మధ్యలో తెగిపోతే, ముందు పక్క కంప్యూటర్లో వేరే సైటు తెరిచి చూసేవాణ్ని. అది తెరుచుకుంటే తప్పు సెంటరు లైనుది కాదు. అలా చాలాసార్లు తెగింది. తెగినప్పుడల్లా సంచిలో సంపాదించుకున్న వస్తువులు పోయేవి. కొత్తగా వచ్చినవాడికి దారి చెప్పే ఏర్పాటు లేదు. అడవిలో గంటల తరబడి అవే మృగాలు. మంచిదల్లా మనుషులే. మనుషుల్ని ఆట తయారుచేసినవాళ్ళు ఇవ్వలేదు. కానీ కూర్చుని మాట్లాడుకోవడానికి అరుగు వేసింది వాళ్ళే. ఆ అరుగుకు ఎన్ని మార్కులు వేయాలి? నన్ను అక్కడ పలకరించారు కాబట్టి నాకది ఎక్కువగా కనిపిస్తోందా?

ఎన్నిసార్లు లెక్క వేసినా రెండున్నరే వచ్చింది. మూడు వేస్తే ఆట నిలుస్తుందని తెలుసు. పేజీ తయారుచేసే రోజు ఆ అర స్టారు వైపు చాలాసేపు చూశాను. డబ్బు పెట్టి ఈ ఆట కొనుక్కునే ఏలూరు పాఠకుడికి మేస్త్రీ ఎవరో తెలియదు. రెండున్నర వేసి పంపాను. స్టార్ల పైన ఒక వాక్యం చేర్చాను: ఏ రోజుల్లో, ఎన్నింటికి, ఎందరితో ఆడానో. తర్వాత ప్రతి ఆన్‌లైన్ ఆటకూ అలాగే రాశాను.

అచ్చయిన రోజు ఆఫీసుకు వెళ్ళే దారిలో సెంటరు దగ్గర ఆగాను. మేస్త్రీ పని వదిలేసి ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి చదువుతున్నాడు. పూర్తిగా చదివాడు.

"రాసిందంతా నిజమేనండీ. ఆ అర కూడా వేస్తే మీ సొమ్మేం పోయేది?"

బిల్లు పుస్తకం ఇచ్చాడు. మీకోసం వేస్తే ఇక ఏ స్టారూ నమ్మడానికి ఉండదు అని రాశాను. ఆయన చదివి, ఆ కాగితం చించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను లోపలికి వెళ్ళి యజమానితో అన్నాను. "స్టార్లు ఆట గురించి తెలియని కొత్తవాళ్ళ కోసమండీ. మీ కుర్చీలో రోజూ కూర్చునే మనిషి మీకు కనిపిస్తూనే ఉన్నాడు కదా."

"నిజమే కానీ సార్, మీ కటింగు చూసే కదా జనం వస్తుంది" అన్నాడు. చివరికి ఏడు కంప్యూటర్లలో ఆట తీసేసి, తలుపు పక్క కంప్యూటర్లో మాత్రం ఉంచాడు.

తర్వాతి మంగళవారం వెళ్ళాను. మేస్త్రీ నన్ను చూడగానే లేచాడు. "రండి రండి. మీకు వారానికి ఒక్కరోజేగా." వద్దంటే వినలేదు, బిల్లు పుస్తకంలో రాసిచ్చినా చదవలేదు. నేను ఆడుతుంటే వెనక చేతులు కట్టుకుని నిలబడి, వంతెన మీదివాళ్ళు అడిగినవాటికి ఏం టైపు చేయాలో నాకు చెప్పాడు. ఆ పై వారమూ అంతే. ఎనిమిదింటికి సెంటరువాడు ఇక కట్టేస్తానన్నప్పుడు ఆయన ఒక్క మాటా సొంతంగా టైపు చేయకుండానే ఇంటికి వెళ్ళాడు.

మూడో మంగళవారం నేను వెళ్ళలేదు. వెళ్తే ఆయన లేస్తాడు.