శాలువాల పళ్లెం

ఏలూరులో ఒక యూనివర్సిటీలో పదకొండేళ్లు పర్షియన్ చెప్పాను. భాష, కవిత్వం, శుక్రవారాలు సినిమా. ఇది తివాచీల ఊరు, ఆ నేత తెచ్చినవాళ్ల భాష ఇదేనండీ అని చెబితే మా డైరెక్టరు గారు ఆవలించేవారు. ఆయనకు తెలిసిన కళ ఒక్కటే, సన్మానం. ఎవరికైనా బదిలీ అయితే సన్మానం, పళ్లు కట్టించుకుని వచ్చినా సన్మానం.

ఒక ఏడాది మా కోర్సు ఉంచాలా, ఎత్తేయాలా అని తేల్చడానికి కమిటీ వచ్చింది. నా క్లాసులో ఉన్నది ఐదుగురు పిల్లలు. కమిటీ నోరు మూయించడానికి అందులో మండవల్లి అమ్మాయి ఒక్కతే చాలు. చేపల చెరువు మీద బతికే ఇంటి పిల్ల. సినిమా వేస్తే కింద పడే ఇంగ్లీషు అక్షరాల వంక చూడకుండానే నవ్వేది. రెండేళ్లు చదివింది, ఇంకో ఏడాది మిగిలింది. కమిటీ ముందు ఒక కవిత చదివి తెలుగులో వివరించాలని నెల రోజులు తయారయింది.

సభ గంటన్నర సాగింది. కమిటీలో నలుగురికీ శాలువాలు. వాళ్ల డ్రైవరుకు శాలువా. వంటమేస్త్రీకి కూడా శాలువా. కప్పడం, ఫొటో తీయడం, ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ కప్పడం. పట్టుచీర కట్టుకుని వచ్చింది కదా అని శాలువాల పళ్లెం మండవల్లి అమ్మాయి చేతిలో పెట్టారు.

నేను వేదిక దగ్గరికి వెళ్లి, "ఏవండీ, ఆ అమ్మాయి చదవాలండీ" అన్నాను.

"చదువుద్దిలెండి. ముందు పెద్దల్ని గౌరవించుకోవాలి కదండీ" అన్నారు డైరెక్టరు గారు.

ఇంతలో కొరమీను పులుసు చల్లారిపోతోందన్నారు. అందరూ లేచారు. భోజనమయ్యాక కమిటీ పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ, "విద్యార్థుల ప్రతిభ ఏమీ కనపళ్లేదండీ" అన్నారు. కోర్సు ఎత్తేశారు. అమ్మాయిని చరిత్రలోకి మార్చారు. పులుసు కోసం ఒక భాషను వదిలేసిన ఆ మనుషులంటే నాకు ఇప్పటికీ రోత.

నన్ను సాగనంపే రోజున డైరెక్టరు గారు సన్మానం పెట్టారు. పళ్లెం మళ్లీ ఆ అమ్మాయే పట్టుకుంది. నా ముఖంలోకి సూటిగా చూసింది. వద్దనడానికి నాకు నోరుంది, రెండు భాషల్లో ఉంది. అయినా మెడ వంచాను. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ వంచాను.