తప్పెట వేడెక్కేదాకా

ఊళ్లో ఎవరు పోయినా తప్పెట కొట్టి చెప్పేవాడు మా దండోరా మామ. మొన్న సోమవారం తెల్లారేసరికి ఆయనే పోయాడు. కొట్టేవాడు లేక ఆ కబురు నాకు పాలు పోసే ఆమె నోట వచ్చింది. నేను నమ్మలేదు. ఇన్నేళ్లు ఆయన్ని ఆటపట్టించినందుకు ఒక్కసారి నన్ను ఏడిపించాలని చూస్తున్నాడేమో అనుకున్నాను. పోయి చూస్తే మంచం మీద నిజంగానే పోయి ఉన్నాడు. మీసాల మీద తెల్లదుమ్ము. భార్య తుడుస్తోంది, మళ్లీ పడుతోంది.

నాకు ఆయన చుట్టం కాదు. ఎదురింటి మనిషి. నేను మూడో తరగతితో బడి మానేసి ఎద్దులబండి తోలుకునేవాణ్ణి. ఆయన సర్కారు మాటలు, సావు మాటలు, సంత మాటలు ఊరికి చెప్పేవాడు. దండోరాకు బయల్దేరే ముందు ఇంటి వెనక ఎండుగడ్డి మంట వేసి తప్పెట తోలు కాచేవాడు. వేలితో కొట్టి, చెవి ఆనించి, "ఇంకా పలకల్యా" అనేవాడు. కరణం మనిషి వచ్చి తొందరపెట్టినా లేచేవాడు కాదు.

"ఏం మామా, తోలుకు సలి పెడతాందా?" అనేవాణ్ణి.

"నీకేం తెలుసురా. సల్లని తప్పెట కొడితే మాట పక్కింటికి గూడా పోదు."

ఆయన గొంతు నాకు అచ్చంగా వస్తుంది. ఒకసారి డొక్కు డబ్బా ఒకటి కొట్టుకుంటూ గుట్ట కింది సుగాలి తండాకు పోయి, సర్కారు వాళ్లు కోళ్లను లెక్కబెడతారని, ఇంటికొక కోడిని పట్టుకుని రచ్చకట్ట దగ్గరికి రావాలని ఆయన గొంతుతో అరిచాను. పొద్దున్నే తండా ఆడవాళ్లంతా చంకలో కోళ్లతో ఊళ్లోకి దిగారు. మామ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం నెల రోజులు నవ్వుకున్నాను.

కాలువ పనులకు కంకర కావలసి వచ్చింది. ఆ గుట్ట తవ్వుకుంటామని ఒక కంట్రాక్టరు అర్జీ పెట్టుకున్నాడు. పర్మిషన్ ఇచ్చే ముందు తండాలో దండోరా వేయాలి. వద్దనేవాళ్లు ఎనిమిది దినాల్లో ఆదోని తాలూకా కచేరికి పోయి చెప్పుకోవాలి. కరణం ఆ కాగితం మామకు చదివి వినిపించి, "మధ్యాహ్నం పోయి కొట్టిరాపో" అన్నాడు. పత్తి తీతల కాలం. మధ్యాహ్నం తండాలో మనిషనేవాడు ఉండడు. మామ పోయాడు, కొట్టాడు, వచ్చి వేలిముద్ర వేశాడు. ఎనిమిది దినాల్లో కచేరికి ఎవరూ పోలేదు. పర్మిషన్ వచ్చింది.

తర్వాత రాళ్లు నలగ్గొట్టే మిషను వచ్చింది. గాలి ఎటు తిరిగితే అటు దుమ్ము. తండా పత్తిని నా బండిలోనే ఆదోనికి వేసుకుపోయాను. సేటు చిటికెడు తీసి నలిపి, "ఇది పత్తా, పిండా?" అని వేళ్లు దులుపుకున్నాడు. గుట్ట కింద చెలిమ ఒకటుంది. తండాకు తాగే నీళ్లు అవే. వాటి మీద మీగడలా తెల్లటి పొర కట్టేది. ముందు తండాలో పసిపిల్లలకు దగ్గు పట్టుకుంది. ఆ పైన మా వీధికి వచ్చింది. ఆ పైన మామకు.

గుట్ట మీద మందు పేలినప్పుడల్లా ఆయన నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపేసేవాడు. "నీ తప్పెట కంటే అదే బాగా పలకతాంది మామా" అన్నాను ఒకరోజు. నా వైపు చూశాడు. ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోయాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటేడు పత్తి తీతలకే రెండో కాగితం వచ్చింది. ఈసారి చెలిమ ఉన్న వైపు తవ్వుతారట. కరణం మళ్లీ మధ్యాహ్నమే పొమ్మన్నాడు. ఆ రోజు ఇంకా మసకగా ఉండగానే మామ తప్పెట, చంకనిండా గడ్డి పట్టుకుని నా వాకిట్లో నిలబడ్డాడు. నోరు తెరిస్తే గాలిలాంటి గుసగుస తప్ప గొంతు లేదు.

"గొంతు యాడ పోగొట్టుకున్నావు మామా?"

"గుట్ట తినేసింది. ఈ పొద్దుకు నీ గొంతు ఇయ్యప్పా."

"మధ్యాహ్నం కదా పొమ్మనింది?"

"ముందర తూరి మధ్యాహ్నం పోయి ఎవురికి సెప్పినా? కుక్కలకు సెప్పినా."

నా వాకిట్లోనే తప్పెట కాచాడు. తండాకు పోయేసరికి ఆడవాళ్లు బుట్టలు ఎత్తుకుని పత్తి చేలకు బయల్దేరుతున్నారు. మామ కొట్టాడు, నేను అరిచాను. చెలిమ పోతుందని చెప్పాను. తండా మొత్తం నవ్వింది.

"ఈ తూరి కోళ్లా, మేకలా అప్పా?" అంది ఒక ముసలవ్వ.

నేను ఒట్టు వేసేకొద్దీ నవ్వు ఎక్కువైంది. కొందరు దారి పట్టారు కూడా. అప్పుడు మామ ఆ అవ్వ ముందు కూలబడి ఏదో గొణిగాడు. ఆమె వంగి చెవి పెట్టింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. లేచి నిలబడి పోయేవాళ్లకు వినపడేలా కేకేసింది.

"ముందర తూరి గూడా వచ్చి కొట్టినాడంట."

మామ మళ్లీ గొణిగాడు.

"మనం ల్యామని తెలిసే వచ్చినాడంట."

మళ్లీ.

"ఎవురికీ ఇనపడగూడదని తప్పెట గూడా కాచల్యాదంట."

బుట్టలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని దారిలో నాతో అన్నాడు.

ఆ రోజే తండా అంతా ఆదోనికి నడిచింది. ముసలివాళ్లను నా బండిలో తీసుకుపోయాను. కచేరి వసారా నిండిపోయింది. గుమాస్తా అందరి మాటా రాసుకుని కాగితం ఆపినామన్నాడు. తిరిగొచ్చి మామకు చెప్పాను.

"సింపినారా, కట్ట కట్టినారా?"

"కట్ట కట్టినారు మామా."

"అయితే ఇప్పుతారు."

ఆ తర్వాత కరణం ఆయన్ని ఏ పనికీ పిలవలేదు. మొదటి గుంతలో మిషను ఆగలేదు. మామ గడపలో కూర్చుని గుట్ట వైపు చూస్తూ దగ్గేవాడు.

ఆయన్ను మట్టి చేసిన మూడో రోజు కరణం నన్ను పిలిపించాడు. "వాని గొంతు నీకొస్తాది గదా, తప్పెట నువ్వే పట్టు. ఆ కాగితం మళ్లీ వచ్చినాది. రేపు మధ్యాహ్నం తండాకు పోయిరా." ఎప్పుడూ నోటికి వచ్చే ఎగతాళి ఒక్కటీ రాలేదు. సరేనన్నాను.

మామ భార్య గోడకు తగిలించిన తప్పెట తీసి ఇచ్చింది. తోలు మీద దుమ్ము. ఒక అంచు తుడిచి రెండో అంచుకు వచ్చేసరికి మొదటిది మళ్లీ తెల్లబడింది.

ఈ పొద్దు ఇంకా మసక విడవకముందే ఆయన ఇంటి వెనక, ఆయన కూర్చునే చోటే గడ్డి అంటించాను. తండాకు ఇప్పుడు నా గొంతు ఒక్కటే పోవాలి. అవ్వ నన్ను నమ్ముతుందో, కోళ్లా మేకలా అని అడుగుతుందో. వేలితో కొట్టి చెవి ఆనించాను. ఇంకా పలకలేదు. గుట్ట మీద మిషను మొదలైంది. తండాలో ఇంకా బుట్టలు ఎత్తి ఉండరు. మంటలో ఇంకో గుప్పెడు గడ్డి వేశాను.