ట్రేలో చూపించినది

అరసవల్లి రోడ్డులో మాది బియ్యం, పప్పుల కొట్టు. బస్తా పైపైన మేలురకం పోసి, నడుమ ముక్కిన సరుకు నింపేవాళ్లను ఎంతమందిని చూశామో. అందుకే గోతంలో ఇనప గొట్టం గుచ్చి, నడిమి గింజ తీసి చూడందే ఏదీ దించుకోం. ఈ అలవాటు నాకంటే మా అత్తకు ఎక్కువ. తెల్లనివన్నీ పాలని నమ్మే మనిషి కాదు.

రెండు వేల పద్దెనిమిది ప్రాంతంలో నాకు నెలసరి వస్తే రక్తం ఆగేది కాదు. విశాఖలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, సంచినే రోబోతో తీసేద్దాం అంది. నాకు వెంటనే అనుమానం పట్టుకుంది. మా వీధిలో కడుపునొప్పని వెళ్లిన ఆడవాళ్లలో సగంమంది గర్భసంచి పోగొట్టుకునే వచ్చారు. పిల్లలు పుట్టేశాక దానితో పనేమిటని డాక్టర్లు అనడం, మావాళ్లు తలూపడం. అత్తకైతే ముప్ఫై దాటకముందే తీసేశారు. నాది నిజంగా పాడైందో, యంత్రం తెచ్చిపెట్టుకున్నారు కాబట్టి నన్ను పడుకోబెడుతున్నారో ఎవరు చెప్పాలి?

రోబో కోస్తే మీరేం చేస్తారని అడిగాను. అదే గదిలో కూర్చుని దాని చేతుల్ని తనే ఆడిస్తానంది. పొట్ట మీద చిన్న చిన్న కన్నాలే పడతాయట.

"సెయ్యెయ్యని వైద్యమేటమ్మా? కన్నాల్లోంచి సంచి ఎలాగొస్తాది?" అంది అత్త.

కాన్పు దారినే తీస్తామని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ ఓపిక మీద కూడా నాకు అనుమానమే వచ్చింది. సరుకు బాగోని చోటే మాటలు మెత్తగా ఉంటాయి.

తీసినదాన్ని ట్రేలో పెట్టి బయట ఉన్నవాళ్లకు చూపించడం ఆస్పత్రుల్లో మామూలే. మా ఆయన నెత్తురు చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. అందుకని అత్తనే నిలబడమన్నాను.

"ఊరికే తలూపీకు అత్తా. బస్తా సూసినట్టు సూడు."

మత్తు దిగి కళ్లు తెరిచేసరికి అత్త మంచం పక్కనే ఉంది. నొప్పి సంగతి తర్వాత, ముందు అదే అడిగాను.

"తిప్పించి మరీ సూశాను. ఉసిరికాయలంతేసి గెడ్డలు. నీది పాడైపోనాదే. ఆవిడ అబద్ధం సెప్పనేదు."

నా ప్రాణం కుదుటపడింది. అత్త మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగడం లేదు. ఏమైందని అడిగాను.

"నాది తీసినప్పుడు మాయమ్మకి సూపించినారు. జాంపండులాగ నున్నగా ఉన్నాదట. ఒక్క మచ్చ నేకుండా ఎంత బాగా తీసినాడోనని డాక్టరుకి దండం ఎట్టీసింది. నాను కూడా ఇన్నాళ్లూ అందరికీ గొప్పగానే సెప్పుకున్నాను."

పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"మరి నాదెందుకు తీసినారే?" అంది.